రంగు తీసేసినా అందంగా ఉండే రేసు కారు ఏది?

పాలకొల్లు కుర్రాడు:
అన్ని కాలాల్లోకీ అందమైన రేసు కారు ఏదో ఇవాళ తేల్చేద్దామండి. నా ఓటు 1991 జోర్డన్ 191కి. గ్యారీ ఆండర్సన్ గీసిన సన్నటి ఒళ్లు, పైకి లేచిన ముక్కు, ఆ సెవెనప్ ఆకుపచ్చ! షూమాకర్ ఫార్ములా వన్‌లో అడుగుపెట్టింది బెల్జియంలోని స్పా ట్రాక్‌లో ఈ కారుతోనే. ఇంకేం కావాలి?

అమలాపురం ఆసామి:
ఆ ఆకుపచ్చ గీకేసి ఉత్త ప్రైమర్ కొట్టి చూడండి, సగం ఓట్లు రాలిపోతాయి. లోటస్ 72 కూడా అంతే. రేడియేటర్లు ముక్కులోంచి తీసి పక్కలకి సర్దబట్టే ముందు భాగం అంత పల్చబడింది. గొప్పతనం అది. జనం చెప్పుకునేది మాత్రం 1972 నాటి నలుపూ బంగారు గీతలూ.

పాలకొల్లు కుర్రాడు:
జగ్గన్నతోట తీర్థంలో ప్రభలకి గుడ్డలూ దండలూ విప్పేస్తే మిగిలేది వెదురు బద్దలేగా. అవి చూడ్డానికి ఎవరెళ్తారండి?

అమలాపురం ఆసామి:
ప్రభని కట్టేదే అలంకారానికి. రేసు కారుని కట్టేది గెలవడానికి.

నా ఓటు పోర్షె 917కి, అదీ పొట్టి తోకదానికి. 1969లో కొత్తగా వచ్చినప్పుడు హొయలకేం తక్కువలేదు గానీ, స్పీడు పెరిగితే రోడ్డు మీద నిలిచేది కాదు. డ్రైవర్లే భయపడేవారు. ఆ అక్టోబరులో ఆస్ట్రియాలో టెస్టింగ్ చేస్తుంటే ఇంజనీరు జాన్ హార్స్‌మన్ కంట్లో ఒకటి పడింది. కారు ఒంటి నిండా చిన్న పురుగులు చచ్చి అంటుకున్నాయి, వెనక స్పాయిలర్లు (గాలి తగిలితే కారుని నేలకి అదిమే రేకులు) మాత్రం శుభ్రంగా ఉన్నాయి. (పొద్దుగూకాక చేల మధ్య రోడ్డున బండి నడిపేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, హెల్మెట్ అద్దం చూసుకుంటే చాలు.) అంటే గాలి తోకని తాకకుండా పైనుంచే పోతోంది. అక్కడికక్కడే అల్యూమినియం రేకులు కత్తిరించి, తోక ఎత్తు చేసి బిగించారు. కారు దారికొచ్చింది. మరుసటేడు లె మాన్ 24 గంటల రేసులో పోర్షెకి మొట్టమొదటి ఓవరాల్ గెలుపు తెచ్చింది ఆ తోకే. దాన్ని పురుగులు గీశాయి, ఆర్టిస్టు కాదు.

భీమవరం బండోడు:
మరి దాని తమ్ముడు 917/20 సంగతో? 1971 లె మాన్‌లో దిగింది. వెడల్పాటి మొద్దు ఒళ్లు. గులాబీ రంగు పూసి, పంది మాంసం ఎక్కడెక్కడ ఏ ముక్క కోస్తారో ఆ గీతలు గీసేశారు. రేసు మధ్యలో గుద్దుకుని ఆగిపోయింది. అయినా దాన్ని మర్చిపోయినవాడు లేడు. ఇప్పుడు చెప్పండి, రంగు గెలిచినట్టా ఓడినట్టా?

రాజోలు మావయ్య:
గెలవడానికి కట్టిందే అందం అంటే నేనొప్పుకోనబ్బాయ్. 1954 మెర్సిడెస్ డబ్ల్యూ 196 చూడండి. చక్రాలు కూడా మూసేసిన వెండి ఒళ్లు. రీమ్స్‌లో మొదటి రేసులోనే ఒకటీ రెండూ స్థానాలు పట్టేసింది. సిల్వర్‌స్టోన్ ట్రాక్‌కొచ్చేసరికి చక్రాలు కనబడక దాని డ్రైవరు ఫాంజియో మలుపుల దగ్గరి నూనె డ్రమ్ములకి గుద్దుకుంటూ పోయాడు. దాంతో నర్బర్గ్‌రింగ్‌లో చక్రాలు బయటికున్న కారు దింపారు. నాకు మాత్రం ఆ సొట్టలుపడ్డ కారే ముద్దు.

అమలాపురం ఆసామి:
మోంజాలో మళ్లీ ఆ మూసిన ఒంటితోనే గెలిచాడండి ఫాంజియో. అక్కడ తిన్నటి దారులు ఎక్కువ కాబట్టి పనికొచ్చింది. అంటే నా మాటే నిలబడింది. జోర్డన్ అంటారా, 1991లో ఒక్క రేసూ గెలవలేదు.

పాలకొల్లు కుర్రాడు:
మొదటేడు టీమండి అది! అయినా కన్‌స్ట్రక్టర్లలో, అంటే టీముల పట్టికలో, అయిదో స్థానం. నా ఓటు మారదు.