తొడ ఎముకలో గడ్డ: గీకి నింపాలా, రాడ్ వేయాలా, వదిలేయాలా?

వరంగల్ నాన్న:
మా పాపకి 14 ఏళ్లు. కబడ్డీ ఆడొచ్చి గజ్జల దగ్గర నొప్పంటే ఎక్స్‌రే తీయించాం. తొడ ఎముక మెడలో, అంటే తుంటి కీలు దగ్గరి సన్నటి భాగంలో, మసకగా మచ్చ కనిపించింది. బయాప్సీలో ఫైబ్రస్ డిస్‌ప్లాసియా అని వచ్చింది, అంటే గట్టి ఎముక ఉండాల్సిన చోట పీచులాంటిది పెరగడం, క్యాన్సర్ కాదట. ఒక డాక్టరు గీకేసి నడుం ఎముక ముక్కలతో నింపుదామన్నారు. ఇంకొకరు రాడ్ అన్నారు. క్యాన్సర్ కానప్పుడు కత్తి దేనికని మా బావమరిది. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

చీరాల అక్క:
వదిలేయండి. మా తమ్ముడికీ ఇదే, వేరే దేనికో ఎక్స్‌రే తీస్తే బయటపడింది. 8 ఏళ్లుగా ఏడాదికోసారి చూపించుకోవడం తప్ప ఏమీ చేయలేదు.

కడప కుర్రాడు:
నాకు గీకి నింపారు. రెండేళ్లకి మచ్చ మళ్లీ మొదటికొచ్చింది. ముక్కలు తీసిన చోట నొప్పి మాత్రం మిగిలింది. ఆ డాక్టరుకి చేతకాలేదనే అంటాను.

ఆర్థో పీజీ:
తమ్ముడూ, చేతకాక కాదు, ఎంచుకున్న పద్ధతే ఈ జబ్బుకి సరిపడదు. కడుపులో ఉండగానే కొన్ని కణాల్లో జీఎన్‌ఏఎస్ అనే జన్యువు మారిపోతుంది. అమ్మానాన్నల నుంచి వచ్చేది కాదు. మెత్తటి ఎముక ముక్కలు నింపితే ఒళ్లు వాటిని కరిగించి, ఆ చోట మళ్లీ పీచు ఎముకనే కడుతుంది. అందుకే 1986లో ఎన్నెకింగ్, గీరెన్ పిక్కలోని సన్నెముకను, అంటే గట్టి ఎముకను, తొడ ఎముక మెడలోకి దించే పద్ధతి రాశారు. అదీ కొందరిలో కరిగిపోతోందని తర్వాత తేలింది. గడ్డను పూర్తిగా తీసేయాలన్న పట్టుదల నాకు లేదు. ఎముక బరువు మోస్తే చాలు, ఆ పని రాడ్ చేస్తుంది.

చీరాల అక్క గారూ, మీ తమ్ముడికి నొప్పి లేదు కాబట్టి ఆగడం సబబే. ఈ పాపకి కాలు మోపితే నొప్పి ఉందా? ఉంటే లోపల సన్న పగుళ్లు ఉండొచ్చు. అలాగే నడిస్తే ఎముక మెడ కుంగి, ఎముక గొర్రెల కాపరి కొంకి కర్రలా వంగిపోవచ్చు. వంగాక సరిచేయడం చాలా పెద్ద ఆపరేషన్.

నగరి మామయ్య:
ఒకసారి పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించి చూడకూడదా?

ఆర్థో పీజీ:
కట్టు విరిగిన ఎముకని కదలకుండా పట్టుకుంటుంది మామయ్యా, పీచుని ఎముకగా మార్చలేదు. ఎవరైనా కరెంటు (రేడియేషన్) పెట్టిద్దామన్నా ఒప్పుకోకండి, గడ్డ క్యాన్సర్‌గా మారే ముప్పు దాంతో పెరుగుతుంది.
వరంగల్ అన్నా, పాప ఒంటి మీద పాలకాఫీ రంగు మచ్చలేమైనా ఉన్నాయా?

వరంగల్ నాన్న:
మోపితే నొప్పే సార్. వీపు మీద అరచేయంత మచ్చ ఉంది. పుట్టుమచ్చ అనుకున్నాం.

ఆర్థో పీజీ:
ఆ మచ్చ కూడా ఇదే జన్యువు మార్పు వల్ల వచ్చి ఉండొచ్చు, అలాంటప్పుడు హార్మోన్లూ తేడా చేయొచ్చు. అందుకే రాడ్ కంటే ముందు హార్మోన్ల డాక్టరుకి చూపించండి. రక్తంలో ఫాస్ఫేట్, విటమిన్ డి చూడాలి. ఫాస్ఫేట్ మూత్రంలో పోతుంటే రాడ్ వేసినా ఎముక గట్టిపడదు. మిగతా ఎముకలకీ స్కాన్ అడగండి. అప్పటిదాకా ఆ కాలి మీద బరువు వద్దు.

వరంగల్ నాన్న:
చంక కర్రలు ఈరోజే కొన్నాం. శనివారం మ్యాచ్ ఉంది, కూర్చుని చూసొస్తానంటోంది.