జింక గుద్ది ట్రక్కు ముందు భాగం పోయింది, ఇన్సూరెన్స్ అనుభవాలు చెప్పండి

కార్లైల్_కృష్ణ
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే పెన్సిల్వేనియాలో కార్లైల్ దాటాక, మౌంట్ హోలీ స్ప్రింగ్స్ వైపు రూట్ 34 మీద జింక అడ్డం పడింది. బండి 2021 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు. దేవుడి దయ వల్ల నాకేం కాలేదు. గ్రిల్, ఎడమ హెడ్‌లైట్, హుడ్ పోయాయి. కింద ఏదో కారుతోంది. డిడక్టబుల్, అంటే క్లెయిములో నా జేబులోంచి కట్టాల్సింది, కాంప్రహెన్సివ్ (గుద్దుకోవడం కాని నష్టాలు) కింద 250 డాలర్లు, కొలిజన్ (దేన్నైనా గుద్దుకున్న నష్టం) కింద 1000. ఇది దేని కింద వస్తుంది? ప్రీమియం పెరుగుతుందా? వాళ్ళు చెప్పిన షాపుకే వెళ్ళాలా? లోన్ ఇంకా చాలా ఉంది, బండి టోటల్ (బాగుచేయడం దండగ) అంటే నా పరిస్థితి ఏంటి? రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

ఒహాయో_వదిన
కృష్ణ గారూ, ముందు బండి కడగకండి. మాకు జరిగినప్పుడు, రక్తం అంటిన బండి వాకిట్లో ఉండకూడదని మా అత్తగారు తెల్లారేసరికి శుభ్రంగా కడిగించేశారు. ఆవిడ తప్పేం లేదు, ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు అదే చేయిస్తారు. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ మనిషి (అడ్జస్టర్) వచ్చి, జింకే అని నమ్మకం ఏంటి, ఒక్క వెంట్రుక లేదు, ఏ స్తంభానికో కొట్టి ఉంటారు అన్నట్టు మాట్లాడాడు. కొలిజన్ కింద రాయబోయాడు. షాపులో హెడ్‌లైట్ విప్పితే వెనక సందులో వెంట్రుకలు బయటపడ్డాయి, అప్పుడు దారికొచ్చాడు. ఇన్నేళ్ళు ప్రీమియం కట్టి మనం దొంగల్లా రుజువు చూపించుకోవాలా? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బాడీషాప్_బాలు
వదిన గారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఇదే పనిలో ఉన్నాను. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మా షాపుకు జింక బళ్ళే ఎక్కువ. జింక తగిలితే కాంప్రహెన్సివ్, ఇందులో అనుమానం లేదు. మీ పాలసీ తీసి చూడండి, కొలిజన్ కాని నష్టాల వరుసలో నిప్పు, దొంగతనం, వడగళ్ళతో పాటు పక్షి గానీ జంతువు గానీ తగలడం అని ఉంటుంది.

కారేది కూలెంట్ అయితే బండి స్టార్ట్ చేయొద్దు. రేడియేటర్, దాని ముందు ఏసీ కండెన్సర్ రెండూ గ్రిల్ వెనకే ఉంటాయి. అలాగే నడిపి ఇంజిన్ పాడైతే అది మీరు చేసుకున్నదని ఆ భాగానికి డబ్బు ఇవ్వం అంటారు. టో పిలవండి.

ముఖ్యమైనది ఇంకోటి. 2015 మోడల్ నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం. ఉక్కు రేకు సాఫు చేసిన పనిముట్లే దీనికీ వాడితే ఆ పొడి అంటుకుని కొన్నాళ్ళకు పెయింట్ కింద బుడగలు లేస్తాయి. అల్యూమినియానికి విడిగా చోటు, విడిగా పనిముట్లు ఉన్నాయా అని అడిగాకే బండి ఇవ్వండి. ఫలానా షాపుకే వెళ్ళమని పెన్సిల్వేనియాలో ఇన్సూరెన్స్ వాళ్ళు బలవంతం చేయకూడదు. వాళ్ళ లిస్టు సలహా వరకే.

ఎడిసన్_రవి
అందరూ గుద్దిన తర్వాతి సంగతే మాట్లాడుతున్నారు. అసలు గుద్దకుండా చూసుకోవాలి కదా. పోయిన నవంబర్‌లో పోకోనోస్ నుంచి వస్తుంటే ఐ-80 మీద జింక కదలకుండా నిలబడింది. ఒక్కసారి స్టీరింగ్ పక్క లేన్‌లోకి తిప్పి మళ్ళీ వెనక్కి తెచ్చాను. బండికి గీత పడలేదు, మూగజీవి బతికింది. డ్రైవింగ్ వచ్చినవాడికి ఆ మాత్రం చేతనవ్వాలి.

బాడీషాప్_బాలు
రవీ, ఈ సలహా కొత్తగా లైసెన్స్ తీసుకున్న పిల్లలు కూడా చదువుతారు. దయచేసి ఇలా రాయకు. ట్రక్కు ఎత్తైన బండి, హైవే స్పీడులో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే తిరగబడొచ్చు. పక్క లేన్‌లో ఎవరూ లేరు కాబట్టి ఇవాళ నువ్వు ఇది రాస్తున్నావు. బ్రేకు గట్టిగా కొట్టి, లేన్ వదలకుండా నేరుగా పోవాలి. జింకను తప్పించి గార్డ్‌రెయిల్‌కు కొడితే అది కొలిజన్, పైగా చాలాసార్లు తప్పు నీదే అని రాస్తారు.

ఎడిసన్_రవి
అందరూ తప్పించుకుంటే మీ షాపుకు బేరాలు పోతాయి, నాకర్థమైంది. ప్రాణం ఉన్నదాన్ని చూస్తూ చూస్తూ గుద్దమని చెప్పడానికి మనసెలా వచ్చిందండీ? మా నాన్నగారు చీమను కూడా తొక్కనిచ్చేవారు కాదు.

బాడీషాప్_బాలు
నోరు అదుపులో పెట్టుకో. నా బేరాల కోసం మనుషుల ప్రాణాలతో ఆడుకునే రకం కాదు నేను.

నైట్‌షిఫ్ట్_నర్సు
నేను ట్రామా యూనిట్‌లో పనిచేస్తాను. జింకను నేరుగా గుద్దినవాళ్ళలో చాలామంది సీటు బెల్టు గీతతో, ఎయిర్‌బ్యాగ్ కమిలిన ముఖంతో ఇంటికి వెళ్ళిపోతారు. చెట్టుకు కొట్టినవాళ్ళు, ఎదురు లేన్‌లోకి వెళ్ళినవాళ్ళు మా దగ్గర ఉండిపోతారు. ఒక కుర్రాడి అమ్మానాన్నలకు గుంటూరు ఫోన్ చేసి మాట్లాడింది నేనే, తెలుగు వచ్చిన నర్సు ఇంకెవరూ లేక. రవి గారూ, మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఎదురు బండిలో వచ్చేదీ ప్రాణమే.

మిచిగన్_మూర్తి
బంపర్‌కు అతికించే ఈలలు కొన్నారా ఎవరైనా? గాలికి మోగుతాయి, జింకలు పారిపోతాయి అని డబ్బా మీద రాశారు. మా వీధిలో సగం ట్రక్కులకు ఉన్నాయి, అయినా జింకలు వాటి ముందే గడ్డి మేస్తున్నాయి. అవి పనిచేస్తాయని నమ్మదగ్గ రుజువు ఏదీ లేదు, ఆ డబ్బులు దాచుకోండి. నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరపగానే మనం ఆఫీసు నుంచి వచ్చే వేళ, అవి పొదల్లోంచి బయటికొచ్చే వేళ ఒకటైపోతాయి. పైగా అది వాటి జత కట్టే కాలం. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉందనే అనుకోవాలి. ఎదురు బండి లేకపోతే హైబీమ్ వేసుకోండి.

వరంగల్_లారీ
అన్నలూ, ఇక్కడి నుంచి అడుగుతున్నా. మీ దగ్గర జింక చచ్చిపోతే కేసు ఉండదా? మాకు హైదరాబాద్–శ్రీశైలం రోడ్డులో అమ్రాబాద్ అడవి కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపేస్తారు. దుప్పికి లారీ తగిలిందంటే ఇన్సూరెన్స్ సంగతి తర్వాత, ముందు ఫారెస్టు వాళ్ళకు జవాబు చెప్పాలి. బంపర్, రేడియేటర్ పోతే ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టం) కింద వస్తుంది. మాలో చాలామందికి థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే) ఒక్కటే ఉంటుంది, అందులో పైసా రాదు.

హారిస్‌బర్గ్_హరి
తమ్ముడూ, ఇక్కడ జింకలు లెక్కకు మించి ఉన్నాయి. స్టేట్ ఫార్మ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ ఏటా వేసే అంచనాల్లో ఒక్కో డ్రైవరుకు జంతువు తగిలే అవకాశం వెస్ట్ వర్జీనియాలో ఎక్కువ, మొత్తం క్లెయిముల సంఖ్యలో మా పెన్సిల్వేనియా ముందుంటుంది. గుద్దితే కేసు లేదు. ఇక్కడివాళ్ళు ఆ జింకను ఇంటికి తీసుకెళ్ళి వండుకోవచ్చు కూడా. 24 గంటల్లోపు గేమ్ కమిషన్‌కు (రాష్ట్ర వన్యప్రాణుల శాఖ) ఫోన్ చేసి పర్మిట్ నంబర్ తీసుకోవాలి. కొమ్ములు మాత్రం ఉంచుకోకూడదు. నేను తీసుకున్నాను, అల్లం వెల్లుల్లి బాగా పట్టించి నిదానంగా ఉడికిస్తే చాలా బాగుంటుంది. కొవ్వు ఉండదు కాబట్టి నూనె కాస్త ఎక్కువ పడుతుంది.

ఎడిసన్_రవి
ఇదిగో, ఇదీ వరస. చంపడం, తినడం.

హారిస్‌బర్గ్_హరి
రోడ్డు పక్కన కుళ్ళిపోనివ్వడం పుణ్యమా? మీకు ఇష్టం లేకపోతే మానేయండి, నా వంటింటికి రాకండి.

వరంగల్_లారీ
మా దగ్గర ఆ మాంసం ముట్టుకుంటే జైలే అన్నా, 1972 చట్టం. ఎవరూ ఇది చదివి ఇక్కడ ప్రయత్నం చేయొద్దు.

హ్యూస్టన్_హిమ
ఇక్కడ టెక్సాస్‌లోనూ కుదరదు, రోడ్డు మీద చచ్చిన జింకను తీసుకెళ్ళడం నేరం. రాష్ట్రం మారితే రూలు మారుతుంది, హరి గారి మాట పట్టుకుని అందరూ బయల్దేరకండి.

ఓపీటీ_కుర్రోడు
నాకు వచ్చిన కష్టం ఎవరికీ రాకూడదని రాస్తున్నాను. పాత ట్రక్కు కొనేటప్పుడు ఏజెంట్ ఫుల్ కవరేజీ అన్నాడు. జింక తగిలాక చూస్తే పాలసీలో లయబిలిటీ (ఎదుటివాళ్ళ నష్టానికి మాత్రమే) ఒక్కటే ఉంది. ఒక్క డాలర్ రాలేదు, సెమిస్టర్ ఫీజుకు దాచింది రిపేరుకు పోయింది. ఫుల్ కవరేజీ అనే మాటకు చట్టంలో అర్థం లేదట. కాంప్రహెన్సివ్ అనే పేరు, దాని ఎదురుగా ప్రీమియం అంకె కాగితం మీద కనపడితేనే ఉన్నట్టు.

కార్లైల్_కృష్ణ
అందరికీ థాంక్స్. కారింది కూలెంటే, టో చేయించాను. యాప్‌లో ఫోటోలు పెడితే వచ్చిన ఎస్టిమేట్ షాపువాళ్ళు చెప్పినదానిలో సగం కూడా లేదు. నా లోన్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

బాడీషాప్_బాలు
ఫోటో ఎస్టిమేట్ చూసి భయపడకండి. బంపర్ విప్పాక కనిపించినవన్నీ షాపువాళ్ళు సప్లిమెంట్ అని మళ్ళీ పంపుతారు, మా దగ్గర ప్రతి జింక బండికీ జరిగేదే. డిడక్టబుల్ ఒక్కసారే. మొదటి చెక్కుకే అంతా సరి అని కాగితం పెడితే సంతకం చేయకండి. బండి ముందు భాగంలో రాడార్ ఉంటే, దాన్ని మళ్ళీ సరిచూసి గురి పెట్టినట్టు (క్యాలిబ్రేషన్) రిపోర్టు కూడా అడగండి. బోల్టులు బిగించి పంపేస్తే క్రూయిజ్, ఆటోమేటిక్ బ్రేకు తప్పుగా పనిచేయొచ్చు.

హ్యూస్టన్_హిమ
కృష్ణ గారూ, టోటల్ అయితే బండికి ఆ రోజు మార్కెట్లో ఉన్న విలువ కడతారు. ముందు అది బ్యాంకుకు వెళ్తుంది. లోన్ అంతకన్నా ఎక్కువ ఉంటే మిగిలింది మీరే కట్టాలి. గ్యాప్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ తేడా అది చూసుకుంటుంది. డీలర్ దగ్గర సంతకాలు పెట్టిన కట్టలో వెతకండి, చాలామందికి ఉన్నట్టే తెలియదు. వాళ్ళు ఇచ్చే విలువ రిపోర్టు పూర్తిగా అడిగి తీసుకోండి. మాది వడగళ్ళకు టోటల్ అయినప్పుడు పై మోడల్ ట్రక్కును బేస్ మోడల్ కింద లెక్కేశారు. కొత్త బండి కిటికీకి అంటించే ధర, హంగుల స్టిక్కర్, అదే ట్రిమ్ (అవే హంగులున్న) బళ్ళ ప్రకటనలు పంపాను, విలువ పెంచి చెక్కు ఇచ్చారు. పట్టు వదలకండి.

మిచిగన్_మూర్తి
ప్రీమియం ప్రశ్న అలాగే ఉండిపోయింది. కాంప్రహెన్సివ్‌లో ఒక్క జింక క్లెయిముకు మామూలుగా పెంచరు, మాకు పెంచలేదు. వెంట వెంటనే రెండు మూడు వేస్తే క్లెయిమ్ లేనందుకిచ్చే డిస్కౌంట్ పోవచ్చు.

ఒహాయో_వదిన
మాకు పెరిగింది మూర్తి గారూ. జింక వల్ల కాదు, రాష్ట్రమంతా రేట్లు పెరిగాయని చెప్పారు. నేనైతే నమ్మలేదు, వేరే కంపెనీకి మారాను. కృష్ణ గారూ, రెంటల్ కవరేజీ ఉందేమో కూడా చూసుకోండి. రోజుకు ఇంత అని పరిమితి ఉంటుంది, ఆ డబ్బుకు ట్రక్కు రాదు, చిన్న కారే ఇస్తారు. రిపేరు ఎన్ని వారాలు సాగుతుందో షాపులో ముందే అడిగి తీసుకోండి.