ఫాంటసీ నవలకి ముందే ప్లాన్ గీసుకోవాలా, రాస్తూ రాస్తూ కట్టుకుపోవాలా?

ఓరుగల్లు77:
ఈ గొడవ ఇక్కడ ఒకసారి తేల్చుకుందాం. జార్జ్ ఆర్ ఆర్ మార్టిన్ రచయితల్ని రెండు రకాలంటాడు కదా, ఆర్కిటెక్టులు, తోటమాలులు అని. మొదటివాళ్ళు ప్లాన్ అంతా గీసుకున్నాకే పని మొదలెడతారు, రెండోవాళ్ళు విత్తనం వేసి ఏం మొలుస్తుందో చూస్తారు. తను ఎక్కువగా తోటమాలినే అని ఆయనే చెప్పుకున్నాడు. ఫలితం కళ్ళ ముందే ఉంది. "గేమ్ ఆఫ్ థ్రోన్స్" 1996, రెండో భాగం 1998, మూడోది 2000, అక్కడిదాకా పరుగే పరుగు. తర్వాత నాలుగోది 2005, అయిదోది 2011, ఆరోదానికి ఇంకా ఎదురుచూపులే. టీవీ సీరియల్ 2019లో ముగిసిపోయింది, పుస్తకం మాత్రం ముగియలేదు.

నా మాట ఒక్కటే. ఫాంటసీలో నేల, నీళ్ళు, రాజులు, మంత్రాలు అన్నీ మనమే పుట్టించాలి, అలాంటప్పుడు ముగింపు తెలీకుండా దిగడం పాఠకుణ్ణి మోసం చేయడమే. నేను కాకతీయుల కాలం లాంటి రాజ్యం పెట్టి ఒకటి రాస్తున్నా, ప్రతిలిపి యాప్‌లో భాగాలుగా వస్తోంది. మ్యాప్, వంశవృక్షం, చెరువులు ఎక్కడెక్కడున్నాయో, ఎవరు ఎప్పుడు చస్తారో అంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాకే మొదలెట్టా. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

మబ్బులమేడ:
మోసం అనేది చాలా పెద్ద మాట అండీ. ఆయన డబ్బు తీసుకుని పారిపోలేదు, ఇచ్చిన అయిదు పుస్తకాలూ ఇచ్చినట్టే ఉన్నాయి. అవి అంత బాగా ఉండబట్టేగా మనకి ఇంత కోపం.

రాత్రిషిఫ్ట్:
ఓరుగల్లు అన్నకే నా ఓటు. బ్రాండన్ శాండర్సన్‌ని చూడండి. ముందు ముగింపు రాసుకుంటాడు, అక్కడ్నుంచి వెనక్కి వస్తూ ఏ సీన్‌లో ఏం తెలియాలో పాయింట్లు పెట్టుకుంటాడు, వెబ్‌సైట్‌లో ఏ పుస్తకం ఎంత శాతం అయిందో గీతలు గీసి మరీ చూపిస్తాడు. మొదటి నవల అమ్ముడుపోకముందే పన్నెండు దాకా నవలలు రాసి పక్కన పెట్టుకున్నాడు, హోటల్లో నైట్ డ్యూటీ చేస్తూ. యూనివర్సిటీలో చెప్పిన క్లాసులు కూడా యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. మంత్రంతో సమస్య తీర్చాలంటే ఆ మంత్రం ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ముందే తెలిసుండాలి అనేది ఆయన మొదటి సూత్రం, ప్లాన్ లేనివాడు అది పాటించలేడు. మార్టిన్ ఏమో ఇంటర్నెట్ లేని డాస్ కంప్యూటర్లో వర్డ్‌స్టార్ 4.0 అనే పాతకాలం టైపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని కూర్చుంటాడు, ఇంకెప్పుడు అవుతుంది.

డ్రాఫ్ట్‌జీరో:
వర్డ్‌స్టార్‌ని వదిలేయండి బ్రో, 1996 నుంచి 2000 మధ్య మూడు లావుపాటి పుస్తకాలు కూడా దానిమీదే వచ్చాయి. అక్షరాలు కొట్టే మెషిన్ వల్ల ఎవరూ ఆగిపోలేదు.

అసలు విషయానికి వస్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. ప్లాన్ వేసుకునేవాళ్ళకి పెద్దాయన అని మనం అందరం చూపించేది టోల్కీన్‌ని. నిజమే, భాషలు, లిపులు, వేల ఏళ్ళ చరిత్ర మొదటి ప్రపంచయుద్ధం రోజుల నుంచీ తయారుచేసుకుంటూనే ఉన్నాడు. కానీ కథ? కథ ఆయనకి తెలీదు. "లార్డ్ ఆఫ్ ది రింగ్స్" 1937 డిసెంబర్‌లో మొదలెట్టాడు, ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెబుతూ, యుద్ధం వచ్చి కాగితానికి కరువొస్తే పరీక్ష పేపర్ల వెనక వైపు రాసుకుంటూ 1949 దాకా లాగాడు. ఆ మధ్యలో హాబిట్లు, అంటే ఆ లోకంలోని పొట్టి జాతివాళ్ళు, బ్రీ ఊళ్ళో సత్రానికి చేరతారు చూశారా, మూల కూర్చుని పొగ తాగుతూ ఒకడు కనిపిస్తాడు, వాడెవడో రాస్తున్న ఆయనకే తెలీదు. మొదటి డ్రాఫ్టుల్లో వాడు రాజూ కాదు, మనిషీ కాదు, చెక్క చెప్పులేసుకున్న ఒక హాబిట్, పేరు ట్రాటర్. వాడు రాజవంశం వాడయ్యేసరికి ఎన్ని డ్రాఫ్టులు తిరగరాశాడో. మాంత్రికుడు గాండాల్ఫ్ చెప్పిన రోజుకి ఎందుకు రాలేదో కూడా ఆ చోట రాస్తున్నప్పుడు తెలీదు, అతన్ని బంధించే సారుమాన్ పాత్ర అప్పటికి పుట్టనేలేదు. మార్టిన్ చేసిన దానికీ దీనికీ తేడా ఏముంది చెప్పండి. ఇదీ తోట పనే.

మరి ఈయనది ఎలా పూర్తయింది, ఆయనది ఎందుకు ఇరుక్కుంది? టోల్కీన్ చివరి పేజీ దాకా రాశాక అచ్చుకి ఇచ్చాడు. 1954, 55ల్లో మూడు సంపుటాలుగా వచ్చినా అది ఖర్చు గురించి పబ్లిషర్ చేసిన ఏర్పాటు, రాయడం అంతకు ముందే అయిపోయింది. అందుకే చివర్లో ఏదైనా మారితే వెనక్కి వెళ్ళి మొదటి అధ్యాయం దిద్దుకోగలిగాడు. మార్టిన్‌కి ఆ దారి లేదు. మూడో భాగం అయ్యాక ఒక్కసారి అయిదేళ్ళు ముందుకి దూకుదాం, పిల్లలు పెద్దవాళ్ళవుతారు, డ్రాగన్లు ఎదుగుతాయి అనుకున్నాడు, చాలా కాలం ఆ లెక్కన రాశాడు కూడా. కుదర్లేదు. కొన్ని పాత్రలకి అయిదేళ్ళు ఏమీ జరగకుండా కూర్చోవడం నప్పలేదు, కొన్నిటికి ఆ అయిదేళ్ళనీ ఫ్లాష్‌బ్యాకుల్లో చెప్పాల్సి వచ్చింది, పారేశాడు. పారేశాక పిల్లలు పిల్లలుగానే మిగిలారు, వాళ్ళ వయసులు మూడు పుస్తకాల్లో అచ్చయిపోయి ఉన్నాయి, దిద్దలేడు. 2005లో కథని ఊళ్ళ లెక్కన రెండుగా చీల్చాల్సొచ్చిందీ, తర్వాత మీరీన్ నగరానికి ఎవరు ముందు చేరాలి ఎవరు వెనక చేరాలి అనే ముడి విప్పడానికి ఏళ్ళు పట్టిందీ అందుకే. కాబట్టి నేననేది, ఆయన్ని కట్టిపడేసింది ప్లాన్ లేకపోవడం కాదు, పూర్తవకముందే అచ్చు వేయడం. ప్లాన్ లేకపోవడానికి మందు తిరగరాయడం, అచ్చయిపోయినదానికి మందు లేదు.

సుసానా క్లార్క్ మొదటి నవల కూడా చూడండి, పదేళ్ళు పట్టింది, 2004లో ఒకే పుస్తకంగా వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో మంత్రవిద్య చరిత్ర అంతా ఫుట్‌నోట్లలో కట్టింది. అది భాగాలుగా వదిలి ఉంటే ఆ ఫుట్‌నోట్లు ఒకదానికొకటి అంత బాగా అతికేవే కావు అని నా నమ్మకం.

రాత్రిషిఫ్ట్:
మరి "వీల్ ఆఫ్ టైమ్" రాసిన రాబర్ట్ జోర్డాన్ సంగతేంటి? ఆఖరి సీన్ మొదట్నుంచీ తెలుసని చెప్పేవాడు, నోట్సు గుట్టలు గుట్టలు. అందుకే 2007లో ఆయన చనిపోయాక భార్య, ఎడిటర్ కూడా ఆవిడే, హారియెట్ మెక్‌డూగల్ పిలిచి శాండర్సన్‌కి అప్పగిస్తే పూర్తి చేయగలిగాడు. ప్లాన్ ఉంటే మనిషి పోయినా కథ బతుకుతుంది, ఇంతకంటే రుజువు ఏం కావాలి?

డ్రాఫ్ట్‌జీరో:
అది ఒప్పుకుంటా, గట్టి పాయింట్. కానీ ఆ ప్లాన్ సైజుని ఆపగలిగిందా? 1990లో మొదలైంది పద్నాలుగు సంపుటాలైంది, మిగిలిన ఒక్క పుస్తకం రాయమని ఇస్తే అది మూడై 2013 దాకా వచ్చింది. ముగింపు తెలియడం వేరు, దానికి దారి తెలియడం వేరు.

మబ్బులమేడ:
డ్రాఫ్ట్‌జీరో గారు, మందు లేదన్న మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. లె గ్విన్‌ని మర్చిపోయారు. ఎర్త్‌సీ మొదటి పుస్తకం 1968, మూడోది 1972. ఆ లోకంలో మంత్రవిద్య బడి మగపిల్లలకే, ఆడవాళ్ళ మంత్రం బలహీనం అని సామెతలు కూడా రాసింది. తర్వాత ఆవిడ ఆలోచన మారింది, పుస్తకాలు మాత్రం ప్రపంచమంతా చదివేసింది. ఏం చేసింది? పాతవాటిలో అలాగే ఉంచి 1990లో నాలుగోది రాసింది, అందులో ఆ లోకాన్నే ఒక రైతు భార్య, మొగుడు పోయిన మధ్యవయసు ఆవిడ కళ్ళతో చూపించింది. ఆ సామెతలు ఎవరు పుట్టించారు, ఎవరికి లాభం అని పాఠకుడికే అనుమానం వస్తుంది. అచ్చయింది దిద్దక్కర్లేదండీ, దాన్ని చూసే మనిషిని మార్చొచ్చు.

ఇంకోటి, భాగాలుగా రాస్తే ఇరుక్కుపోతారు అనేది మన చందమామ చదివినవాళ్ళం ఎలా ఒప్పుకుంటాం? దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో "తోకచుక్క"తో మొదలెట్టి ఇరవై ఏళ్ళకి పైగా నెలనెలా సీరియళ్ళు రాశారు. ఏకాక్షి, చతుర్నేత్రుడు, రాక్షసులు, పాడుబడ్డ కోటలు, అన్నీ ఉండేవి. నెల తిరిగేసరికి పత్రిక ప్రెస్సుకి వెళ్ళాల్సిందే, వెనక్కి వెళ్ళి దిద్దే మాటే లేదు. అయినా అన్నీ ముగిశాయి.

డ్రాఫ్ట్‌జీరో:
మేడం గారు, దాసరి గారి మాట తెచ్చారు కాబట్టి చాలా సంతోషం, ఆయన్ని ఇలాంటి చర్చల్లో ఎవరూ తల్చుకోరు. కానీ ఆ సీరియళ్ళ కట్టుబడి చూడండి. "యక్షపర్వతం"లో ఖడ్గవర్మ, జీవదత్తుడు, ఇద్దరు కుర్రాళ్ళు బయల్దేరతారు, ఒక అడవి, ఒక ఆపద, దాటారా ఇంకో అడవి. పాత ఆపద వెనకే ఉండిపోతుంది, మళ్ళీ లెక్క అడగదు. ఒకే దారి కాబట్టి నడుస్తూ పోవచ్చు. మార్టిన్ కథలో ఒక మూల పెళ్ళి ఆగితే ఇంకో మూల యుద్ధం ఆగాలి. నెలనెలా రాసేవాడు దాసరి గారి పద్ధతి ఎంచుకోవాలి, దారి కథ. అల్లిక కథ కావాలంటే మొత్తం రాసుకుని గానీ వదలకూడదు. లె గ్విన్ విషయం మాత్రం మీరన్నదే కరెక్ట్, నేను "మందు లేదు" అనకూడదు, చాలా ఖరీదైన మందు అనాలి.

కొల్లేటికొంగ:
మొత్తం రాసుకుని వదలండి అనడం తేలిక సార్. తెలుగులో ఫాంటసీ వేస్తామనే పబ్లిషర్ని వెతుక్కోవడమే కష్టం, రాసేవాళ్ళు ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్ళు ఫోన్లో రాస్తున్నారు. "తర్వాతి భాగం ఎప్పుడు అక్కా" అని అడిగే నలుగురు లేకపోతే ఆ నవల మూడో అధ్యాయంలోనే చచ్చిపోతుంది. టోల్కీన్‌కి కూడా రాసింది రాసినట్టు చదివి వినిపించడానికి లూయిస్, మిగతా ఇంక్లింగ్స్ స్నేహితులు ఉన్నారు. మనకి ఆ స్నేహితులు యాప్‌లోనే ఉన్నారు. భాగాలుగా పెట్టొద్దంటే మాకు వినేవాళ్ళని లేకుండా చేసినట్టే.

ఓరుగల్లు77:
కొంగ గారి మాటే నా మాట కూడా. ఇప్పుడు నాకు నిజంగా వచ్చిన చిక్కు చెప్తా, అందరూ దీనిమీద మాట్లాడండి. నా కథలో తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అదంతా రాజుదే, వర్తకుడికి ఏమీ దక్కదు. ఇది మొదట్లో వచ్చే భాగంలోనే ఉంది, దానివల్లే హీరోయిన్ తండ్రి దివాలా తీస్తాడు. ఇప్పుడు రాణి పట్టానికి వచ్చాక దూరదేశపు ఓడలు రేవుకి బారులు తీరాలి, యుద్ధానికి గుర్రాలు కావాలి కదా. ఆ చట్టం ఉన్న రేవుకి ఏ ఓడా రాదని ఒక పాఠకుడు కామెంట్ పెట్టాడు. యాప్‌లో పాత భాగం ఎడిట్ చేయొచ్చు, మార్టిన్‌కి లేని సౌకర్యం. మార్చేయనా?

డ్రాఫ్ట్‌జీరో:
మార్చొద్దు. ఫైలు దిద్దగలవు గానీ చదివినవాళ్ళ బుర్రలో ఉన్నది దిద్దలేవు. టోల్కీన్ ఇదే చిక్కులో పడ్డాడు తెలుసా. 1937 నాటి "హాబిట్" నవలలో హీరో బిల్బోతో ఆడే పొడుపుకథల పందెంలో ఓడితే ఉంగరం బహుమతిగా ఇస్తానని గొల్లమ్ అనే గుహలో ప్రాణే అంటాడు, అది పోయిందని తెలిశాక దారి చూపించి పంపిస్తాడు. తర్వాత "లార్డ్ ఆఫ్ ది రింగ్స్"లో ఆ ఉంగరం ఎవడూ చేతులారా ఇవ్వలేని వస్తువైపోయింది. 1951 ఎడిషన్‌లో ఆ అధ్యాయం తిరగరాశాడు, నిజమే, కానీ పాతదాన్ని వృథా పోనివ్వలేదు. పాత కథ బిల్బో ఆడిన అబద్ధం అన్నాడు, ఉంగరం అప్పుడే వాడి మనసు మీద పనిచేయడం మొదలెట్టింది అన్నాడు. అంటే అతకని ముక్కే కథకి అన్నిటికంటే భయం పుట్టించే ఆధారం అయింది.

నీకు ఆ మాత్రం కష్టం కూడా లేదు, నువ్వు ఎంచుకున్న చరిత్రే నీకు తోవ చూపిస్తోంది. మోటుపల్లి అభయశాసనం చదివావా? కాకతీయ రాజు గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించింది, బాపట్ల జిల్లా మోటుపల్లిలో ఉంది. తుఫానుకి ఓడలు చెడి ఒడ్డుకి పడితే వెనకటి రాజులు బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు, మేము మాత్రం కీర్తి కోసం, ధర్మం కోసం, సుంకం తప్ప అంతా వదిలేస్తున్నాం అని ఉంటుంది అందులో. కింద ఏ సరుకుకి ఎంతో కూడా ఉంటుంది, మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, మిరియాలు, పట్టు. రాజే తన ముందువాళ్ళ తప్పు రాతి మీద చెక్కించి మరీ మార్చాడు. నీ పాత భాగం తప్పు కాదు, అది పాత చట్టం. రాణి మార్చింది. మార్చడానికి కారణం నీ హీరోయిన్ తండ్రి దివాలా.

ఓరుగల్లు77:
శాసనం పేరు తెలుసు గానీ సుంకాల పట్టిక దాకా ఎప్పుడూ వెళ్ళలేదు అన్నా. నేను ఇన్నాళ్ళూ కత్తులు, కోటగోడలు, ఏ రాజు తర్వాత ఏ రాజు అనే చూసుకున్నా. ఇది నా నోట్‌బుక్ ప్లాన్‌లో ఎక్కడా లేదు, కానీ ఇది పెడితే రాణి పట్టాభిషేకం భాగం మొత్తం మారిపోతుంది, శాసనం చదివించే సీన్‌లో తండ్రి పక్కనే నిలబడి వినాలి.

రాత్రిషిఫ్ట్:
చూశారా, ప్లాన్ మార్చాలన్నా ముందు ప్లాన్ ఉండబట్టేగా ఎక్కడ మారుతుందో తెలిసింది. నేను నా మాట మీదే ఉన్నా.

మబ్బులమేడ:
ఉండండి, ఎవరు వద్దన్నారు. ఓరుగల్లు గారు, ఒక్క విన్నపం, రాణి దయతో ఇచ్చేసినట్టు రాయకండి. ఓడలు వేరే రేవులకి పోయి సుంకం పడిపోయింది కాబట్టి ఇస్తుంది, తండ్రికి మాత్రం పోయిన సరుకు తిరిగి రాదు. ఆ అమ్మాయి రాణి మీద కోపంగానే ఉండాలి.