అప్‌డేట్: శుక్ర, శనివారాల్లో ఆగ్రా. తాజ్ చూడటం కుదిరింది

శుక్రవారం తాజ్‌ మహల్ మూత కదా, శుక్రవారం పొద్దున ఆగ్రాలో దిగి శనివారం సాయంత్రం రైలెక్కేవాళ్లు ఎలా చూడాలని ఇక్కడ ముందు పోస్ట్‌లో అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మొదటిరోజు కోట, రెండోరోజు తెల్లవారుజామున తాజ్ అన్న సలహానే పనికొచ్చింది.

ఆగ్రా కోట శుక్రవారం కూడా తెరిచే ఉంటుంది. షాజహాన్‌ని బంధించిన ముసమ్మన్ బుర్జ్ అనే బురుజు వైపు నుంచి యమున వంపు, దాని చివర తాజ్ కనిపిస్తాయి. సాయంత్రానికి నది అవతల, తాజ్‌కి ఎదురుగా ఉన్న మెహతాబ్ బాగ్ తోట చాలు.

శనివారం సూర్యోదయానికి అరగంట ముందే తాజ్ గేట్లు తీస్తారు. శిల్పగ్రామ్ పార్కింగ్ నుంచి బ్యాటరీ బండిలో తూర్పు గేటుకి వెళ్లండి. దక్షిణ గేటులోంచి లోపలికి పంపరు. అందరూ పొరబడేది టికెట్ దగ్గరే: 50 రూపాయల టికెట్‌తో తోట వరకే. సమాధి ఉన్న పాలరాతి గద్దె ఎక్కాలంటే ఇంకో 200, రెండూ కలిపి ఆన్‌లైన్‌లోనే తీసుకోవడం మేలు. 15 ఏళ్లలోపు పిల్లలకి ఉచితం. టికెట్ గడువు 3 గంటలు. తినుబండారాలు, ట్రైపాడ్, లైటర్ ఉంటే తనిఖీలో ఆపేస్తారు, మళ్లీ క్యూ మొదటికొస్తుంది.

రాత్రి వెన్నెల్లో తాజ్ చూసే టికెట్ గురించి జవాబుల్లో నడిచిన చర్చంతా మాకు అక్కర్లేకపోయింది. పున్నమి, దానికి అటూ ఇటూ రెండేసి రాత్రులే ఇస్తారు, శుక్రవారం అదీ లేదు.