బ్రామ్ స్టోకర్ మమ్మీ నవల: మీ ప్రతిలో రాణి లేచిందా, లేవలేదా? (ముగింపు గురించీ చర్చ ఉంది)

పుస్తకపురుగు, మలక్‌పేట
‘డ్రాకులా’ చదివిన నాటి నుంచీ బ్రామ్ స్టోకర్ నా అభిమాన రచయిత. ఆయన 1903లో ప్రచురించిన ‘ది జ్యూవెల్ ఆఫ్ సెవెన్ స్టార్స్’ కిందటి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికితే, మూడు రాత్రుల్లో పూర్తి చేశాను. ఈజిప్టు ప్రాచీన వస్తువులు సేకరించే ట్రెలానీ తన పడకగదిలో, ఇనప్పెట్టె దగ్గర, మణికట్టు చీరుకుపోయి నెత్తురోడుతూ పడి ఉండటంతో కథ మొదలవుతుంది. తాను స్పృహలో లేనన్నాళ్లూ గదిలోని వస్తువు ఒక్కటీ కదపకూడదనీ, రాత్రంతా మనుషులు కాపలా ఉండాలనీ ఆయన ముందే రాసిపెట్టిన ఉత్తరం బయటపడుతుంది. ఇంత బిగువుగా నడిచిన కథలో, ట్రెలానీ మళ్లీ బతికించాలని చూసిన ఈజిప్టు మమ్మీ, టేరా రాణి, చివరికి లేవనే లేదు, నాయికానాయకులకు పెళ్లయిపోయింది! రచయిత ఇలా ఎందుకు వదిలేశారో నాకు అంతుపట్టలేదు.

నిశాచరి, తార్నాక
మీకు దొరికింది 1912లో వచ్చిన, మార్పులు చేసిన ప్రతి అయి ఉంటుంది. స్టోకర్ మరణించిన సంవత్సరం కూడా అదే. మొదటి ముద్రణలో 20 అధ్యాయాలున్నాయి. ప్రాచీన దేవతల శక్తి నిజమైతే తాము కొలిచే దేవుడి మాటేమిటని కథకుడు రాస్ మథనపడే పదహారో అధ్యాయాన్ని తర్వాతి ప్రతిలో తీసేసి, ముగింపును కూడా మార్చారు. అసలు ముగింపులో, రాణిని లేపే ప్రయోగం జరిగే తుఫాను రాత్రి, గుహలో దీపాలు పొగలో మునిగిపోయాక, రాస్ చీకట్లో చేతికందిన స్త్రీ దేహాన్ని ట్రెలానీ కూతురు మార్గరెట్‌దే అనుకుని ఇంట్లోకి మోసుకొస్తాడు. వెలుతురు తెచ్చి చూసేసరికి అక్కడ మనిషి ఉండదు, రాణి పెళ్లిబట్టలూ, నవల పేరులోని ఆ కెంపూ మాత్రమే ఉంటాయి. తిరిగి కిందికి వెళితే అందరూ చనిపోయి ఉంటారు. మార్గరెట్ ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని ఉంటుంది, ఆమె వేళ్ల సందుల్లోంచి గాజుకళ్లు చూస్తుంటాయి. నేను ఆ పేజీ చదివిన రాత్రి లైటు ఆర్పలేకపోయాను.

అక్షరాభిలాషి, చిక్కడపల్లి
నాకు ముగింపు కన్నా నవలలో వచ్చే పాత డచ్చి యాత్రికుడి కథ ఎక్కువ వెంటాడింది. సమాధిలో రాణి చేతిని విరిచి తీసుకున్న అరబ్బు నాయకుడు తెల్లారేసరికి చచ్చిపడి ఉంటాడు, అతని గొంతు మీద ఒకే చేతి ముద్ర ఉంటుంది, ఆ ముద్రకు ఏడు వేళ్లుంటాయి. రక్తం చిందకుండా, అరుపులు లేకుండా, ఒక్క అంకెతో భయపెట్టడం స్టోకర్‌కే చెల్లింది. మధ్యలో ఈజిప్టు విద్యల గురించి సాగే పొడుగాటి ఉపన్యాసాలు మాత్రం ఓపికను పరీక్షిస్తాయి. నా స్నేహితులిద్దరు అక్కడే పుస్తకం మూసేశారు.

చదివిన వారంలోనే పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి వెళ్లాను. 1920 ప్రాంతంలో నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాముకు బహూకరించగా, 1930లో ఆ మ్యూజియానికి చేరిన మమ్మీ అక్కడ ఉంది. చిన్నప్పుడు స్కూలు పిల్లలతో కలిసి తోసుకుంటూ చూసిన ఆ అద్దాల పెట్టె ముందు ఈసారి చాలాసేపు నిలబడ్డాను. ఆ బట్ట చుట్టల లోపల ఉన్నది ఒకరి కూతురన్న సంగతి, నవల చదివాకే నా మనసుకు తట్టింది. ట్రెలానీ ఇంట్లో అందరూ టేరాను ‘ప్రయోగం’ అనే చూస్తారు. ఒక్క మార్గరెట్ మాత్రమే, పరాయి మగవాళ్ల ముందు ఆమె కట్లు విప్పడాన్ని అడ్డుకోబోతుంది.

పుస్తకపురుగు, మలక్‌పేట
లెక్కపెట్టాను, నా ప్రతిలో 19 అధ్యాయాలే ఉన్నాయి. మొదటి ముద్రణ పాఠం నెట్‌లో ఉచితంగా దొరికితే, నిన్న రాత్రి చివరి అధ్యాయం ఫోనులో చదివాను. నిశాచరి గారూ, వేళ్ల సందుల్లోంచి చూసే ఆ కళ్ల దగ్గర నేనూ ఆగిపోయాను. అక్షరాభిలాషి గారూ, వచ్చే ఆదివారం మా అమ్మాయిని తీసుకుని మ్యూజియానికి వెళ్తున్నాను, మీరు చెప్పిన కట్ల ఘట్టం ఈలోగా మళ్లీ చదువుతాను.