నల్లహంస: ఈ వారం సమస్య, పూరణలు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం. దీనికి ముందు మూడు పాదాలు అల్లి పద్యం పూర్తి చేయడమే పూరణ.

"హంస నల్లగ నుండుటే యంద మయ్యె"

మన పద్యాల్లో హంస తెల్లగా ఉంటుంది. దమయంతి దగ్గరికి వెళ్లిన హంస బంగారుది. నల్లహంస ఆస్ట్రేలియా పక్షి. శాస్త్రజ్ఞులు దాన్ని సిగ్నస్ అట్రాటస్ అంటారు. సిగ్నస్ అంటే హంస. అట్రాటస్ అంటే నల్లబట్ట కట్టుకున్నది, రోమన్లు సంతాపానికి కట్టే నల్లబట్ట. పక్షి మీద రాసినా, పేరు మీద రాసినా సరే. కలలో కనిపించిందనో, ఎవరో మసి పూశారనో తప్పించుకోవద్దని మనవి.

పూరణ 1, తెనాలి నుంచి:

తెలుపు హంసలు మాత్రమే తెలిసినట్టి
నావికులకు నా స్వానను నదిని దోచె
కెంపు ముక్కుతో కాటుక సొంపుతోడ
హంస, నల్లగ నుండుటే యంద మయ్యె

నిర్వాహకుడు:
'హంస' దగ్గర వాక్యం విరిచి సమస్యను రెండుగా చీల్చడం చాలా బాగుంది. మూడో పాదంలో ప్రాసయతి (కెంపు, సొంపు) చక్కగా కుదిరింది. రెండో పాదంతోనే పేచీ. 1697లో డచ్ నావికుడు విల్లెం డి వ్లామింగ్ పశ్చిమ ఆస్ట్రేలియాలో నల్లహంసల్ని చూశాకే అక్కడి నదికి హంసల నది (ఇంగ్లీషులో స్వాన్ నది) అని పేరు పెట్టాడు. హంస కనిపించకముందే అది 'స్వాను' ఎలా అవుతుంది? 'నావికులకుఁ బేరెఱుగని నదిని దోచె' అంటే గణాలు, యతి చెడవు, కథా నిలుస్తుంది.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి ఒక సభ్యురాలు:
గురువుగారూ, ఒక్క మాట. పేరు తెలియనిది నావికులకే. ఇక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలకు అది ఎప్పటినుంచో డెర్బల్ యెరిగన్. నల్లహంసను వాళ్లు మాలి అంటారు.

నిర్వాహకుడు:
మంచి మాట చెప్పారమ్మా. 'నావికులకు' అని పద్యంలోనే ఉంది కాబట్టి సవరణ నిలుస్తుంది.

పూరణ 2, వరంగల్ నుంచి:

శోకవస్త్రము దాల్చిన చొప్పు దోప
పేరు పెట్టిరి లాటిను విబుధవరులు
కాని జంటగ పిల్లలఁ గాచుచుండ
హంస నల్లగ నుండుటే యంద మయ్యె

నిర్వాహకుడు:
నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇదే. పెట్టిన పేరుతో వాదానికి దిగింది. మైలబట్ట అన్నవాళ్లకు గూటినీ పిల్లల్నీ చూపించింది. ఈ జాతిలో ఆడా మగా ఇద్దరూ గుడ్లు పొదుగుతాయి, కాబట్టి 'జంటగ' అన్న మాట కేవలం అలంకారం కాదు. 'లాటిను విబుధవరులు' మాత్రం సరికాదు. 1790లో అట్రాటా (అట్రాటస్‌కు స్త్రీలింగ రూపం) అన్న పేరు పెట్టింది ఇంగ్లండుకు చెందిన జాన్ లాథమ్. భాషే లాటిను.

పూరణ 3, పెర్త్ నుంచి:

పసిడి వన్నెల బిళ్ళపై పడమటింటి
రాష్ట్ర ధ్వజమున నిలిచిన రాణి వోలె
రెక్క విప్పగఁ దెల్లని రేక మెరయ
హంస నల్లగ నుండుటే యంద మయ్యె

తెనాలి సభ్యుడు:
రెండో పాదంలో గణభంగం ఉంది. 'రాష్ట్రధ్వజము' సమాసం కనుక 'ధ్వ' ముందున్న 'ష్ట్ర' గురువవుతుంది. 'రాష్ట్రకేతనమున నిల్చి రాణి వోలె' అనండి చెల్లెమ్మా.

నిర్వాహకుడు:
సవరణ బాగుంది. భావంలో ఇంకో చిక్కు ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియా జెండా మీద హంస నీటిలో ఈదుతూ ఉంటుంది, రెక్క విప్పదు. ఎగిరేటప్పుడు తెల్లని ఈకలు బయటపడేది నిజం పక్షికి. అంత నలుపులో ఆ తెలుపు దాగి ఉండడం ఎంత గొప్ప విషయం! జెండాకు ఒక పద్యం, ఎగిరే హంసకు ఒక పద్యం రాయమ్మా. రెండూ ఒకదాంట్లో ఇరుక్కున్నాయి.

వరంగల్ సభ్యుడు:
సంస్కృత నిఘంటువు అమరకోశం ప్రకారం ఒళ్లు తెల్లగా, ముక్కూ కాళ్లూ ఎర్రగా ఉంటే రాజహంస. నల్లని ముక్కూ కాళ్లూ ఉంటే ధార్తరాష్ట్రం. ఈ పక్షికి ముక్కు రాజహంసది, కాళ్లు ధార్తరాష్ట్రానివి. ఒంటి రంగుకు మాత్రం అమరంలో చోటు లేదు.

నిర్వాహకుడు:
అద్భుతమైన పరిశీలన! దీన్నే పద్యంగా పంపండి, ఎదురుచూస్తాను. నా పూరణ ఇది:

కానిమాటకు సాటిగాఁ గవి యొకండు
రోము పురమునఁ బల్కిన రూఢి చెదరె;
స్వాను నదిలోన గుంపుగా సాగినట్టి
హంస నల్లగ నుండుటే యంద మయ్యె

ఆ కవి ప్రాచీన రోముకు చెందిన జువెనాల్. ఎక్కడా దొరకనంత అరుదైనదాన్ని నల్లహంసతో పోల్చాడు. ఆ పోలిక యూరపులో శతాబ్దాల తరబడి సామెతగా నడిచింది. ఆ కాలమంతా ఆస్ట్రేలియా నదుల్లో ఈ పక్షులు గుంపులుగా ఈదుతూనే ఉన్నాయి.

వచ్చే వారం సమస్య ఆటవెలది చివరి పాదం: "మూగహంస కూయ మురిసె కొలను". మూగహంస యూరపు జాతి. పేరుకే మూగ, బుసకొడుతుంది, గురకలాంటి చప్పుడు చేస్తుంది. ఎగిరితే రెక్కల మోత దూరానికి వినిపిస్తుంది. పూరణలు ఆదివారంలోగా పంపండి.