ఏటవాలు గోడ ఉన్న హాల్లో సోఫా ఎటు వేయాలి? కర్టెన్లు ఎలాంటివి బాగుంటాయి?

మా హాలు చతురస్రంగా లేదు. గుమ్మం దగ్గర 14 అడుగుల వెడల్పు ఉంటుంది. లోపలికి వెళ్ళేకొద్దీ ఒక గోడ ఏటవాలుగా వచ్చి, చివర 9 అడుగులే మిగులుతుంది. పెద్ద కిటికీ ఆ గోడకే ఉంది, సాయంత్రం ఎండంతా అందులోంచే. ఎదుటి గోడకు రెండు తలుపులు.

మూడు సీట్ల సోఫాను కిటికీ కింద గోడకు ఆనించి వేస్తే గది మొత్తం వంకరగా కనిపిస్తోంది. తిన్నగా వేస్తే వెనక చీపురు కూడా దూరని త్రికోణం మిగిలి దుమ్ము పేరుకుంటోంది. సోఫాను ముందుకు జరిపి, ఆ ఖాళీలో మొక్కల కుండీలు గానీ సన్నని బల్ల గానీ పెడితే బాగుంటుందా? అమ్మ చేతికర్రతో నడుస్తుంది కాబట్టి తలుపుల వైపు మూడు అడుగుల దారి వదలక తప్పదు. నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం.

రాడ్డును పైకప్పుకు దగ్గరగా బిగించి, కర్టెన్లు నేలదాకా వదిలితే గది ఎత్తుగా అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ పొడవాటి కుచ్చులు గోడ వంపునే ఎత్తిచూపుతాయేమోనని భయం. గోడ రంగులోనే, ఎండ ఆపే లైనింగ్‌తో కుట్టించడం మంచిదా, లేక బ్లైండ్లు మేలా? ఇలాంటి గది సర్దుకున్నవారు దయచేసి చెప్పండి.